ప్యాకెట్ చించాక ఆ తేదీ ఎవరిది?

గాండ్లపెంట, కదిరి వైపు చెనిక్కాయ సాగు చేసే రైతు విత్తనాన్ని కాయ రూపంలోనే దాస్తాడు. జూన్, జూలైలలో వాన పడి పదును చిక్కాకే కాయలు ఒలిపిస్తాడు. నెల ముందే ఒలిచి సంచిలో పోస్తే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. పురుగు చేరుతుంది, పైపొర రాలి పప్పు బద్దలవుతుంది, మొలక దెబ్బతింటుంది. వంటింట్లోనూ అదే క్రమం. కాయగా నెలల తరబడి ఉండేది, ఒలిచిన పప్పుగా చాలా ముందే కనరు వాసన కొడుతుంది. వేయించి పొడి కొడితే అంతకన్నా తొందర. తొక్కలో ఉన్నప్పటి ఆయుష్షు వేరు, తొక్క తీశాక ఆయుష్షు వేరు. ఈ ప్రాంతంలో బడి ముఖం చూడని అవ్వలకు కూడా ఇది తెలుసు.

అంగట్లో కొన్న ప్యాకెట్ విషయంలో మాత్రం ఇంత స్పష్టత లేదు. దాని మీద ఉండే తేదీ ఒక్కటే. సీల్ ఊడని ప్యాకెట్‌ను కంపెనీ చెప్పిన పద్ధతిలో ఉంచితే ఎన్నాళ్లు నిలుస్తుందో అది చెబుతుంది. కత్తెర పడ్డాక ఆ తేదీ చాలా సరుకుల విషయంలో ఎందుకూ పనికిరాదు. ఇంకా ఐదు నెలల గడువున్న లీటరు టెట్రా పాల డబ్బాను ఏప్రిల్ ఉదయం తెరిచి గట్టు మీద వదిలేస్తే సాయంత్రానికి విరిగిపోవచ్చు. డబ్బా మీద ఐదు నెలల గడువు అలాగే ఉంటుంది. మరి తెరిచాక లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఎవరు చెప్పాలి అన్నదే ఇక్కడ ప్రశ్న. దీనికి చట్టం కొంత జవాబిస్తుంది, శాస్త్రం ఇంకొంత. మిగతాదంతా ఇంటివాళ్ల మీదే పడుతోంది.

ముందు చట్టం సంగతి. మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అని పిలిచే సంస్థ దాని కింద ఏర్పడింది. లేబుళ్ల మీద ఇప్పుడు అమలులో ఉన్న నిబంధనలు 2020 నాటివి. వాటి ప్రకారం తయారీ లేదా ప్యాకింగ్ తేదీ, గడువు తేదీ వేయడం తప్పనిసరి. బెస్ట్ బిఫోర్ అన్నది కంపెనీ కావాలనుకుంటే అదనంగా వేసుకోవచ్చు. గడువు నిలబడాలంటే ప్రత్యేకంగా చల్లటి చోటనో చీకటి చోటనో ఉంచాల్సిన సరుకైతే ఆ మాట రాయడం కూడా తప్పనిసరి. ప్యాకెట్ తెరిచాక ఎలా ఉంచాలన్న దగ్గరికి వచ్చేసరికి నిబంధన మెత్తబడింది. అవసరమైతే రాయవచ్చు అంది. రాయాలి అనలేదు. రాయకపోతే తప్పు లేదు.

నాకు ఈ ఒక్క క్రియాపదమే సమస్య అంతటికీ మూలంగా కనిపిస్తుంది. కర్మాగారం నుంచి కొనుగోలుదారు చేతికి వచ్చేదాకా తేదీ మీద ప్రభుత్వం చాలా పట్టుదల చూపింది. ఆన్‌లైన్‌లో అమ్మే సరుకు ఇంటికి చేరేనాటికి కనీసం 30 శాతం ఆయుష్షు గానీ 45 రోజుల గడువు గానీ మిగిలి ఉండాలని 2024 నవంబరులో ఆ కంపెనీలకు చెప్పింది. గడువు దాటి వెనక్కు వచ్చిన సరుకు లెక్కలు మూడు నెలలకోసారి ఇమ్మని తయారీదారులను అడిగింది. ఇవి మంచి పనులే. కానీ తిండి గోదాములోనే కాదు, తెరిచిన డబ్బాలోనూ పాడవుతుంది. అక్కడ నిబంధన చేతులు ముడుచుకుంది.

దీనికి తోడు భాష. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు. మరో భాష అదనంగా వేసుకోవడానికి అడ్డు లేదు, బలవంతమూ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో లేబుల్ చదివి కొనమని ప్రత్యేకంగా చెప్పింది. గాండ్లపెంట అంగడికి వచ్చే అక్క ఆ సలహా పాటించాలంటే ముందు అది ఆమె చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి ఇన్ని రోజుల్లో వాడండి అన్న వాక్యం కొన్ని సాస్ సీసాల మీద, పళ్లరసం డబ్బాల మీద కంపెనీలు తమంతట తామే వేస్తున్నాయి. అది సాధారణంగా సీసా వెనక అన్నింటికన్నా చిన్న అక్షరాల వరసలో, ఇంగ్లీషులో ఉంటుంది.

బయటి దేశాల్లో ఏం చేశారో చూస్తే, యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన ఆహార సమాచార నిబంధన మనకంటే ఒక అడుగు ముందుంది. తెరిచాక ఎలా ఉంచాలో, ఎన్నాళ్లలో వాడాలో, సందర్భాన్ని బట్టి, చెప్పి తీరాలి అంటుంది. ఏ సరుకుకు ఎన్నాళ్లు అన్నది తేల్చడానికి అక్కడి ఆహార భద్రత సంస్థ 2021లో కంపెనీల కోసం ఒక ప్రశ్నల వరస తయారుచేసింది. తెరిచినప్పుడు కొత్త క్రిములు చేరే వీలుందా, లోపలి పదార్థంలో అవి పెరగగలవా, తెరవడం వల్ల గాలి, తేమ మారి పెరుగుదల వేగం పెరుగుతుందా అన్న దారిలో అది నడుస్తుంది. అమెరికాలో కేంద్ర చట్టం పసిపిల్లల పాలపొడికి తప్ప మిగతా ఆహారానికి తేదీనే బలవంతం చేయదు. అయితే అక్కడి వ్యవసాయ శాఖ 2015లో ఫుడ్‌కీపర్ అనే మొబైల్ యాప్ తెచ్చింది. తెరిచిన జామ్ ఎన్నాళ్లు, మయోనీస్ ఎన్నాళ్లు అని వందల సరుకులకు అందులో జవాబుంటుంది. ఇంకో విచిత్రం చూడండి. యూరప్‌లో ముఖానికి రాసుకునే క్రీము డబ్బా మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6 అనో 12 అనో నెలల సంఖ్య ఉంటుంది. అక్షరం రానివాళ్లకూ అర్థమవుతుంది. మన దేశంలో దొరికే చాలా క్రీముల మీద కూడా ఆ బొమ్మ కనిపిస్తుంది. చర్మానికి రాసుకునేదానికి ఉన్న గుర్తు నోట్లో వేసుకునేదానికి లేదు.

మనకు చేతకాక కాదు. ఓఆర్‌ఎస్ పొట్లం చూడండి. లీటరు నీళ్లలో మొత్తం పొట్లం కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. ఈ ఒక్క వాక్యాన్ని ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఊరూరా చెప్పారు, చెబుతూనే ఉన్నారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు, నీళ్లతో వేలమందిని బతికించిన నాటి నుంచి ఇది ప్రపంచమంతా పాకింది. తెరిచాక ఎంతసేపు అన్న సంగతిని జనానికి వాళ్ల మాటల్లో చెబితే నిలబడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక శాస్త్రం. తెరిచిన ఆహారానికి ఏమవుతుందన్నది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. నీరు ఎంత, పులుపు ఎంత, నూనె ఎంత. మొదటిది అన్నింటికన్నా ముఖ్యం. పదార్థంలో ఉన్న మొత్తం నీటికన్నా క్రిములకు అందే నీరు ఎంతన్నది లెక్క. ఉప్పూ పంచదారా నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి క్రిమికి అందదు. శాస్త్రవేత్తలు దీన్ని వాటర్ యాక్టివిటీ అని సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. 0.91 కన్నా తగ్గితే ఎక్కువ రకాల బ్యాక్టీరియా పెరగలేవు. 0.7 దగ్గరికి వస్తే చాలా బూజులు ఆగిపోతాయి. 0.6 కన్నా దిగువన ఏదీ పెరగదు. తేనె ఆ అంచున ఉంటుంది కాబట్టే ఏళ్ల తరబడి నిలుస్తుంది. బిస్కెట్, బొరుగులు, పాలపొడి అంతకన్నా పొడిగా ఉంటాయి. బ్రెడ్డు, పనీరు, పాలు, తెరిచిన కొబ్బరినీళ్ల సీసా పై కొసన ఉంటాయి.

పులుపు లెక్క పీహెచ్‌తో. అది 4.6 కన్నా తక్కువగా ఉంటే ప్రాణాంతకమైన బొటులిజం క్రిమి పెరగదు. టమాటా సాస్, ఊరగాయ, చింతపండు గుజ్జు ఈ గీత లోపల ఉంటాయి. హిందూపురం మార్కెట్‌కు వచ్చే చింతపండు గోనెల్లో, బుట్టల్లో నెలల పాటు నిలవడానికి పులుపూ, తక్కువ తేమా రెండూ కారణాలే. నూనె సంగతి వేరు. క్రిములతో పనిలేకుండానే గాలి, వెలుతురు, వేడి తగిలి నూనె కనరెక్కుతుంది. రసాయన మార్పుల వేగం పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. కాబట్టి బెంగళూరు వంటింట్లో మూడు నెలలు బాగున్న చెనిక్కాయల పొడి, గాండ్లపెంట రేకుల ఇంట్లో మే నెలలో నెలన్నరకే వాసన తిరిగితే ఆశ్చర్యం లేదు.

ఇక్కడ ముక్కు గురించి చెప్పాలి. వాసన చూసి తినొచ్చా లేదా అని తేల్చడం మన అమ్మలందరి పద్ధతి. పొడి సరుకుల్లో, నూనెల్లో, పిండుల్లో ముక్కు నమ్మకమైన సాక్షి. సజ్జ పిండి విసిరించిన వారం పది రోజులకే చేదెక్కితే అది వాసనకూ నాలుకకూ దొరికిపోతుంది. దాని వల్ల ప్రాణానికి ముప్పు రాదు, రుచి పోతుంది. తడి సరుకుల్లో మాత్రం ముక్కు మోసం చేస్తుంది. ఆహారాన్ని కంపు కొట్టించే క్రిములు వేరు, మనిషిని మంచాన పడేసే క్రిములు వేరు. అనువైన వేడిలో కొన్ని బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి ఎనిమిది గంటల్లో కోటీ అరవై లక్షలు దాటుతుంది. ఆ సమయానికి వాసనలో ఏ తేడా లేకపోవచ్చు.

మళ్లీ మరగబెడితే పోతుందిలే అన్నది రెండో నమ్మకం. క్రిమి చస్తుంది, నిజమే. కానీ స్టఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా విడిచిన విషం మరిగినా చావదు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సిరియస్ విడిచే, వాంతులు తెప్పించే విషమూ అంతే. చెనిక్కాయ మీద, మొక్కజొన్న మీద పెరిగే బూజు విడిచే అఫ్లాటాక్సిన్ అయితే వేయించినా పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన చెనిక్కాయ చెక్క కారణమని తేలింది. అప్పుడే ఈ విషం ప్రపంచానికి తెలిసింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయినప్పుడు, కారణం వెతికి చెప్పినవాళ్లు మన హైదరాబాద్ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. చెనిక్కాయే బతుకుతెరువైన నేల మనది. కదిరిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు అక్కడివే. కాయల్ని తేమ 8 శాతం దాకా దిగేలా ఆరబెట్టమని రైతుకు పరిశోధకులు చెబుతూ వచ్చింది ఈ బూజు భయంతోనే. ఇంట్లో తెరిచిన చెనిక్కాయ పప్పు ప్యాకెట్‌లో రంగు మారిన, ముడుచుకున్న, బూజు కనిపించే గింజలుంటే ఏరి పారేసి మిగతావి వేయించుకోవడం ఆనవాయితీ. నలుగురైదుగురు పిల్లలున్న ఇంట్లో పప్పు పారేయమనడం ఎంత కష్టమో తెలిసీ చెబుతున్నాను, బూజు ఎక్కువగా కనిపించిన ప్యాకెట్‌ను మొత్తంగా పారేయడమే మంచిది. బ్రెడ్డుకూ అదే వర్తిస్తుంది. ఒక ముక్క మీద పచ్చటి మచ్చ కనిపిస్తే ఆ ముక్క తీసేసి మిగతావి తినడం క్షేమం కాదు, బూజు వేర్లు కంటికి కనిపించేదానికన్నా దూరం పోతాయి.

ఇప్పుడు వరసగా సరుకుల దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను చెప్పే రోజులు ఎక్కువగా అమెరికా, యూరప్ సంస్థలు చెప్పే లెక్కలు. అవి 4 డిగ్రీల ఫ్రిజ్‌ను, కరెంటు పోని ఇంటిని దృష్టిలో పెట్టుకుని కట్టిన లెక్కలు.

టెట్రా డబ్బా పాలను 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకన్లు కాచి, క్రిమి లేని డబ్బాలో నింపుతారు. అందుకే మూసి ఉన్నంతకాలం ఫ్రిజ్ అక్కర్లేదు. ఇదే అపోహకు మూలమైంది. ఫ్రిజ్ లేకుండా ఇన్నాళ్లు ఉన్నవి తెరిచాక మాత్రం ఎందుకు పాడవుతాయి అనుకుంటారు. గాలి తగిలిన క్షణం నుంచి అవి మామూలు పాలే. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, బయటైతే పచ్చిపాలకు ఇచ్చే గంటలే. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం రూపొందించిన పద్ధతిలోనే ఇప్పుడు సాంబారు, బిర్యానీ, రాజ్మా పొట్లాలు వస్తున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కర్మాగారం చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని ఉండే కుర్రాళ్లకు ఇవి బాగా అలవాటు. పొట్లం చించాక అది అప్పుడే వండిన కూరతో సమానం. సగం తిని సగం రాత్రి షిఫ్టు తర్వాతకు ఉంచుకుంటే ఆ సగానికి పొట్లం మీది తేదీ వర్తించదు. 32 డిగ్రీలకు మించిన వేడిలో గంట, అంతకన్నా చల్లగా ఉంటే రెండు గంటలు, అంతే.

టమాటా సాస్ పులుపు, ఉప్పు, పంచదార మూడూ ఉన్నది. కాబట్టి బయట నెల, ఫ్రిజ్‌లో ఆరు నెలలు అంటారు. జామ్‌కు కూడా ఫ్రిజ్‌లో ఆరు నెలలు, పంచదార తగ్గించిన రకానికి అంతకన్నా తక్కువ. కంపెనీ సీసాలో వచ్చే మయోనీస్‌లో వెనిగర్ ఉంటుంది, ఫ్రిజ్‌లో రెండు నెలలు చెబుతారు. అప్పటికప్పుడు పచ్చిగుడ్డుతో గిలక్కొట్టి చేసేది వేరే వస్తువు. 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది ఆ రకాన్నే. హిందూపురం నుంచి కదిరి దాకా బస్టాండు బేకరీల్లో ఎగ్ పఫ్ పక్కన ఎండలో నిలబెట్టిన సాస్, మయోనీస్ సీసాలు ఏ రోజు తెరిచారో ఎవరూ చెప్పలేరు. పొద్దున నింపి, సాయంత్రం కడిగి, మళ్లీ నింపే సీసాకు భయం తక్కువ. అడుగున ఉన్నదాని మీదే కొత్తది పోస్తూ వారాలు నడిపే సీసాకు తేదీ అనేదే లేదు.

అల్లం వెల్లుల్లి ముద్ద గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది లేని వంటిల్లు ఇప్పుడు లేదు. వెల్లుల్లి మట్టిలో పెరుగుతుంది, బొటులిజం క్రిమి గింజలు మట్టిలో ఉంటాయి. వాటికి గాలి ఆడని, పులుపు లేని, వెచ్చటి చోటు కావాలి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంటులో నూనెలో వేసి బయట ఉంచిన వెల్లుల్లి ముక్కల వల్లే చాలామంది ఈ జబ్బు పడ్డారు. అంగట్లో దొరికే ముద్దలో ఉప్పుతో పాటు నిమ్మ ఉప్పో ఎసిటిక్ ఆమ్లమో కలుపుతారు, అది కాపాడుతుంది. ఇంట్లో రుబ్బి, పైన నూనె పోసి, గట్టు మీద వారాలు ఉంచే ముద్దకు ఆ కాపుదల లేదు. అది ఫ్రిజ్‌లోనే ఉండాలి, నాలుగు రోజుల లోపల అయిపోవాలి. అంత చిన్న మోతాదులోనే రుబ్బుకోవడం నయం. తేనె ఏళ్ల తరబడి నిలుస్తుందన్నాను గానీ, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదని వైద్యులు చెప్పేది కూడా ఈ క్రిమి గింజల వల్లే.

నీళ్ల క్యాను గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఫ్లోరైడు నీటితో విసిగిన అనంతపురం పల్లెల్లో 20 లీటర్ల క్యాను లేని ఇల్లు అరుదు. వడపోత యంత్రం ఫ్లోరైడుతో పాటు క్లోరిన్‌నూ తీసేస్తుంది. కాబట్టి ఆ నీటిలో కొత్తగా చేరే క్రిమిని ఆపేదేమీ ఉండదు. సీసా నీటిని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో ఎక్కువ ముప్పున్న ఆహారాల జాబితాలో చేర్చింది. వీధి ప్లాంటులో పట్టించుకునే క్యానుకు సీలూ ఉండదు, తేదీ ఉండదు. చెంబు ముంచకుండా వంచి పోసుకోవడం, రెండు మూడు రోజుల్లో అయిపోయేంతే తెచ్చుకోవడం, పట్టించే ముందు క్యాను లోపల కడగడం తప్ప వేరే దారి కనిపించదు.

వాతావరణం గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన పడే ప్రాంతం ఇది, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఈ పొడి గాలిలో తెరిచిన బిస్కెట్ ప్యాకెట్, బొరుగులు, నిప్పట్లు మచిలీపట్నంలో కన్నా ఎక్కువ రోజులు కరకరలాడతాయి. అదే ఏప్రిల్, మే నెలల వేడిలో నూనె సరుకు, పాల సరుకు తీరప్రాంతంలో కన్నా వేగంగా పాడవుతాయి. కంపెనీ తేదీ దేశమంతటికీ ఒకటే. తెరిచాక లెక్క మాత్రం ఊరిని బట్టి, నెలను బట్టి, ఇంటి పైకప్పును బట్టి మారుతుంది. ధర్మవరంలో పట్టుమగ్గం ఉన్న ఇళ్లలో మగ్గం గదే వంటగదికి ఆనుకుని ఉంటుంది. అక్కడ సరుకుల డబ్బా ఏ మూలన, ఏ నేల మీద ఉందన్నది లేబుల్‌కు తెలియదు.

ఫ్రిజ్ ఉంటే అన్నీ తీరినట్టేనని అనుకోవడం కూడా తప్పే. చలి క్రిమిని చంపదు, నెమ్మదింపజేస్తుంది. లిస్టీరియా అనే క్రిమి అయితే ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది, గర్భిణులకు అది చాలా ప్రమాదం. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంటే నాలుగు గంటల దాకా లోపలి చలి నిలుస్తుంది. మధ్యాహ్నమంతా కరెంటు రాని రోజున పాలు, పనీరు, తెరిచిన పొట్లాల విషయంలో ఆ గంటలు గుర్తుంచుకోవాలి.

నాకు అన్నింటికన్నా ఎక్కువ దిగులు పిల్లల తిండి గురించి. అంగన్‌వాడీ కేంద్రాల నుంచి ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇంటికి ఇచ్చే బాలామృతం 2.5 కిలోల ప్యాకెట్‌గా వస్తుంది. గోధుమ, సెనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలిసిన పొడి. రోజుకు 100 గ్రాముల చొప్పున వాడితే 25 రోజులు ఆ ప్యాకెట్ తెరిచే ఉంటుంది. ఆ 25 రోజుల్లో రోజూ చెంచా దిగుతుంది, కొన్నిసార్లు తడిచెయ్యి దిగుతుంది. పాలపొడీ నూనే ఉన్న పొడికి చెమ్మ తగిలితే గడ్డకడుతుంది, పురుగు పడుతుంది, కనరెక్కుతుంది. వారానికి సరిపడా చిన్న స్టీలు డబ్బాలోకి తీసుకుని, మిగతాది గట్టిగా మడిచి రబ్బరు బ్యాండు వేసి ఎత్తున పెడితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. కలిపిన జావ పిల్లవాడు వదిలేస్తే రెండు గంటల తర్వాత, ఎండాకాలమైతే గంట తర్వాత, మళ్లీ పెట్టకూడదు. పసిపిల్లల డబ్బా పాలపొడి సంగతి ఇంకా కఠినం. తెరిచిన డబ్బా నెల రోజుల్లో అయిపోవాలి. ఆ పొడి క్రిమిరహితం కాదు కాబట్టి 70 డిగ్రీలకు తగ్గని నీళ్లతో కలిపి, చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బిడ్డ నోరు పెట్టిన సీసాలో మిగిలినవి గంట దాటితే పారబోయాలి. తల్లి పాలు చాలినంత ఉన్న ఇంట్లో ఈ లెక్కలేవీ అక్కర్లేదన్నది కూడా ఇక్కడ చెప్పాల్సిన మాటే.

ఊరి అంగడికి వస్తే ప్రశ్న ఇంకా జటిలమవుతుంది. అక్కడ ప్యాకెట్ తెరిచేది ఇంటివాళ్లు కాదు, అంగడాయన. పెద్ద సంచిలో పిండి, పదిహేను కిలోల టిన్నులో నూనె, పెద్ద ప్యాకెట్‌లో సేమ్యా. తేదీ సంచి మీదే ఉండిపోతుంది, కొన్నవాళ్ల చేతికి వచ్చేది కాగితప్పొట్లం. విడి నూనె అమ్మకాన్ని కేంద్ర నిబంధనలు 2011 నుంచే కాదన్నాయి. ఎక్కడైనా రాష్ట్రం మినహాయిస్తే తప్ప అది నేరం. వేయించిన నూనెను ఎంతవరకు వాడొచ్చో కూడా హద్దు పెట్టారు. పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె పారేయాలని 2018 జూలై నుంచి నియమం ఉంది. ఊరి బజ్జీల బండి దగ్గర దాన్ని కొలిచే పరికరం ఉండదు, నల్లబడటం, నురగ, పొగ చూసి పోల్చుకోవాల్సిందే.

ఐదు రూపాయల, పది రూపాయల చిన్న ప్యాకెట్లను ఖరీదు ఎక్కువని, ప్లాస్టిక్ చెత్త అని తిడతారు. రెండూ నిజమే. కానీ ఫ్రిజ్ లేని ఇంటికి ఒక పూటలో అయిపోయే ప్యాకెట్టే క్షేమం. కిలోకు ముప్పై రూపాయలు ఆదా అని పెద్ద సీసా తెచ్చి, సగం పాడుచేసుకుని, పారేయలేక తినే ఇంటికి ఆదా ఏమీ మిగలదు. చెత్త సమస్యను చిన్న ప్యాకెట్ మానడంతో కాకుండా వాటిని వెనక్కు తీసుకునే బాధ్యత కంపెనీల మీద పెట్టడంతో తీర్చాలని నా అభిప్రాయం.

తెరిచిన ఆహారాన్ని కాపాడుకునే పద్ధతి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది, ఊరగాయ జాడీ దగ్గర. పెద్ద జాడీని రోజూ తెరవరు. వారానికో పది రోజులకో సరిపడా చిన్న జాడీలోకి తీసి, పెద్దదానికి గుడ్డ వాసెన కట్టేస్తారు. తడి గరిటె పెట్టనివ్వరు. పైన నూనె తేలేలా చూస్తారు. యూరప్ సంస్థ అడిగే ప్రశ్నలకు ఈ మూడు అలవాట్లూ జవాబులే. కొత్త క్రిమి రాకుండా, నీరు చేరకుండా, గాలి తగలకుండా. జాడీకి చేసినదాన్ని సాస్ సీసాకు, పాలపొడి డబ్బాకు, అల్లం ముద్దకు చేయడంలో కష్టమేమీ లేదు. దానికి కొత్తగా కలపాల్సింది ఒక్కటే, తెరిచిన రోజు తేదీ. స్కెచ్ పెన్నుతో మూత మీద రాస్తే చాలు. డబ్బా మార్చినప్పుడు ప్యాకెట్ మీది గడువు తేదీ ముక్క కత్తిరించి డబ్బాలో వేసుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, మంచి అలవాటు. ఎందుకంటే తెరిచాక ఎన్ని రోజులిచ్చినా మొదటి గడువును దాటకూడదు.

ఇంటివాళ్లు చేయగలిగింది అంతవరకే. మిగతాది ప్రభుత్వం చేయాలి. 2020 నిబంధనల్లో రాయవచ్చు అన్న చోట రాయాలి అని మార్చడం, ముందుగా పాల సరుకులు, పసిపిల్లల ఆహారం, సాస్‌లు, ముద్దలు, పళ్లరసాల వరకైనా. క్రీము డబ్బా మీద ఉన్నట్టు తెరిచిన మూత బొమ్మ, పక్కన రోజుల సంఖ్య, ఫ్రిజ్ కావాలో వద్దో చెప్పే ఇంకో బొమ్మ. బొమ్మకు భాష అక్కర్లేదు. బాలామృతం విషయంలో ఢిల్లీ నిబంధన మారేదాకా ఆగనక్కర్లేదు. ఆ ప్యాకెట్ కొనేది, పంచేది రాష్ట్ర శాఖే, తెరిచాక వాడుకోవాల్సిన తీరును తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించమని టెండరులో ఒక వాక్యం చేర్చుకోవచ్చు. ప్యాకెట్ ఇచ్చేటప్పుడు అంగన్‌వాడీ టీచరు తెరిచిన రోజు తేదీ రాసుకోమని చెప్పి పంపవచ్చు, ఓఆర్‌ఎస్ 24 గంటల మాట చెప్పినట్టే.

విడి సరుకుకు మాత్రం ఇంకా సమాధానం దొరకలేదు. మిఠాయి దుకాణాల్లో విడిగా అమ్మే స్వీట్ల ట్రే మీద ఏ తేదీ లోపల తినాలో రాసి పెట్టాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 అక్టోబరు 1 నుంచి నియమం తెచ్చింది. ప్యాకెట్ లేని వస్తువుకు కూడా తేదీ అడగవచ్చని దానితో తేలింది. అదే నియమాన్ని అంగట్లో తెరిచిన పిండి సంచికి, నెయ్యి డబ్బాకు, పాలపొడికి విస్తరించాలంటే తనిఖీ చేసే అధికారులు మండలాల దాకా చేరాలి. ఒకరిద్దరు ఆహార భద్రత అధికారులు కదిరి, గాండ్లపెంట, తనకల్లు అంగళ్లన్నీ చూడటం జరిగే పని కాదు. ఆ ఉద్యోగాలు పెరిగేదాకా, అన్నా ఈ సంచి ఎప్పుడు విప్పావు అని అడిగే కొనుగోలుదారే అక్కడ తనిఖీ అధికారి.